ఎర్రదానికి సూది

కుక్కకు సూది ఇంటి దగ్గర వేయించడం మేలా, ఆసుపత్రికి తీసుకెళ్లి వేయించడం మేలా అని ఎవరైనా నన్నడిగితే, ముందు మీ కుక్కను అడిగి రండి అంటాను. నేను మా కుక్కను అడక్కుండా బయల్దేరి పదిమందిలో నవ్వులపాలయ్యాను. చివరికి గెలిచాను కాబట్టే ఇది రాస్తున్నాను. ఓడిపోయి ఉంటే ఈ కథ మా పక్కింటావిడ చెప్పేది, నేను కాదు.

ఎనభైల మొదట్లో సంగతి. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కట్టుబడిలోనే ఉంది. మా ఆయనకు విశాఖపట్నం పోర్టులో షిఫ్టు డ్యూటీ. గోదావరి జిల్లాలో కాలవగట్టున పుట్టి పెరిగిన నన్ను పెళ్లయిన మూడో నెలలో తెచ్చి పోర్టు క్వార్టర్లలో పడేశాడు. ఇనుప ఖనిజం గుట్టల మీదుగా వచ్చే గాలికి అక్కడ సమస్తమూ ఎర్రబడేది. ఆరేసిన తెల్లచీర నాలుగు ఉతుకుల్లో రంగు మారేది. గుమ్మం తుడిచిన గుడ్డ పిండితే కుంకం నీళ్లు కారేవి. మా సందులో ఒక ఊరకుక్క ఉండేది. దాన్ని అందరూ ఎర్రది అనేవారు. అది తెల్లకుక్క అని మొదటి వానాకాలం వచ్చేదాకా నాకు తెలియదు.

సందు మొత్తానికీ చివర్లో ఒకటే కుళాయి. నీళ్లు చీకటితోనే వచ్చి తెల్లారేసరికి ఆగిపోయేవి. మగవాళ్లు డ్యూటీలో ఉంటే బిందెలు పట్టుకుని ఆడవాళ్లమే పోవాలి. పక్కనే లారీలు ఆగే రోడ్డు, అక్కడ తాగి తిరిగే మనుషులు. నేను తలుపు తీసేసరికి ఎర్రది గుమ్మంలో సిద్ధంగా ఉండేది. రెండడుగులు ముందు నడిచి నన్ను కుళాయి దాకా దింపి, మళ్లీ వెనక్కి పోయి ఇంకో ఇంటావిణ్ణి తీసుకొచ్చేది. ఇలా ఒక్కొక్కరినీ. దానికి ఎవరూ నేర్పలేదు, ఎవరూ ఇంత ముద్ద ఎక్కువ పెట్టిందీ లేదు. నేను ఏడో నెల కడుపుతో బిందె దించి ఆయాసపడుతుంటే అదీ పక్కన కూర్చునేది, నేను లేచేదాకా లేచేది కాదు. కొత్త ఊళ్లో నాకు ఎంత భయంగా ఉందో ముందు దానికే తెలిసింది. మా ఆయనకు తర్వాత తెలిసింది.

మా అమ్మాయికి ఎనిమిదో నెల వచ్చేసరికి ఆ గొడవ మొదలైంది. పక్క కాలనీలో ఒకాయన్ని పిచ్చికుక్క కరిచింది. పాపం బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నాడు. ఆ వారంలోనే మా సందు చివరి క్వార్టర్లో ఉండే, పోర్టులో పనివాళ్ల మీద అజమాయిషీ చేసే చార్జిమన్ గారు, కుక్కలన్నింటినీ తీసేయాలని అర్జీ పెట్టారు. కృష్ణా జిల్లా మనిషి. కుక్కను చూస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవారు. అర్జీ పని చేసింది. కుళాయి గోడ మీద కాగితం అంటించారు. పదిహేను రోజుల్లో కుక్కల బండి వస్తుంది. యజమాని ఉండి, పిచ్చికుక్క సూది వేయించినట్టు డాక్టరు కాగితం ఉండి, మెడలో బిళ్ళ ఉన్న కుక్కల్ని వదిలేస్తారు. మిగతావాటిని పట్టుకుపోతారు. పట్టుకుపోయినవి ఏమవుతాయో ఆ కాగితంలో రాయలేదు గానీ తెలియనివాళ్లెవరూ లేరు.

చదివి, బిందె అక్కడే వదిలేసి నేరుగా చార్జిమన్ గారి గుమ్మం ముందుకు వెళ్లాను. నోరా వీపుకు తేకే అని మా అమ్మ నన్ను ఊరికే అనేది కాదు. మీరు ఏసీ ఆఫీసులో పడుకుని వస్తారు, చీకట్లో నీళ్లకు పోయేది మేము అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన అంతా విని, సూది లేని కుక్క ఈ సందులో ఉండటానికి వీల్లేదమ్మా అని మాత్రం చెప్పి తలుపు వేసుకున్నారు. ఆయన భార్య కిటికీ దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

మా పక్కింటావిడది విజయనగరం వైపు పల్లెటూరు. అక్కడివాళ్లు అక్కను అప్ప అంటారు కాబట్టి నేనూ ఆవిణ్ణి అప్పా అనేదాన్ని. నాకు పురుడు వచ్చినప్పుడు మా అమ్మ రైలు దిగేలోపు నన్ను చూసుకున్న మనిషి. నేను ఏడుస్తుంటే ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది.

"సూదేగదా సెల్లీ. దానికి అంత ఏడుపెందుకు? రేపు నానూ వత్తాను, ఏయించీద్దాం."

ఆసుపత్రికి తీసుకెళ్లడమే పద్ధతి అని మా ఆయన కూడా అన్నాడు. డ్యూటీ లేని రోజు చూసి పిల్లను ఆయనకు అప్పగించాను. ఎర్రదాన్ని మెడ దాకా గోనెసంచిలో దించి, మెడకు తాడు కట్టాం. కట్టింది అప్ప భర్త. ఆయన పోర్టులో ఓడలను గట్టుకు కట్టే ముఠాలో పని. ఇరవై ఏళ్లుగా దేశదేశాల ఓడల్ని కట్టినవాడికి కుక్క ఒక లెక్కా అనుకున్నాం. తాడు కూడా ఓడ తాడులోంచి విప్పిన పోగే.

రిక్షాలో ఎర్రది బుద్ధిగా కూర్చుంది. ఊళ్లో కనపడిన ప్రతి ఆవునూ ప్రతి బస్సునూ తిరిగి తిరిగి చూసింది. పశువుల ఆసుపత్రిలో కుంటుతున్న గేదె, బుట్టలో కోళ్లు, ఎవరో ఆఫీసరు గారి పౌడరు రాసిన బొచ్చుకుక్క, వీటి మధ్య కూడా నోరెత్తలేదు. కాంపౌండరు స్పిరిట్ దూది పట్టుకుని దగ్గరికి వచ్చాడు. ఆ వాసన తగలగానే ఒక్క గుంజు గుంజింది. ముడి పూలదండలా విడిపోయింది. సంచి నా చేతిలో మిగిలింది. కోళ్లబుట్ట తన్నేసి, బొచ్చుకుక్క మీదుగా దూకి, గేటు దాటి మాయమైంది.

ఆసుపత్రి అంతా నవ్వింది. నేనూ అప్పా ఆ చుట్టుపక్కల వీధులన్నీ మధ్యాహ్నం దాకా తిరిగాం. లారీ కింద పడిందేమో అని ఒకటే గుబులు. కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఎర్రది మా గుమ్మంలో పడుకుని ఉంది. మేం ఎక్కడికి పోయామా అన్నట్టు చూసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్ప మొగుణ్ణి నిలదీసింది. ఆయన తన ముడిని అనడం భరించలేక మా ఆయన దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నాడు.

"ముడి తప్పుకాదు బావ. ఓడ బయల్దేరినప్పుడు ఒక్క లాగుడుకి ఊడిపోవాల. ఊడకపోతే నా ఉద్యోగం ఊడిపోద్ది. నాకొచ్చిన ముడి అదే."

ఇక ఆసుపత్రి వద్దు, ఇంటికే తెప్పిస్తానన్నాను. మర్నాడు ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికి వెళ్లాను. నెమ్మదైన మనిషి. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, నాకు ఓపిగ్గా నచ్చజెప్పారు. ఇక్కడైతే మందు చల్లగా ఉంటుంది, కుక్కను పట్టుకునేవాళ్లుంటారు, సూది పడక ఒళ్లు వాచినా కళ్లు తేలేసినా విరుగుడు చేతికి అందుతుంది, మీ వంటింట్లో ఏముంటుందమ్మా అన్నారు. అన్నీ నిజాలే. కానీ మా కుక్క ఇక్కడ ఉండదు కదండీ అన్నాను. చివరికి మెత్తబడ్డారు. కాంపౌండరు ఇల్లు మా వైపే కాబట్టి సాయంత్రం దారిలో వచ్చి పొడుస్తాడు, మందు మాత్రం మీరే ఐసులో పెట్టి జాగ్రత్తగా తీసుకుపోవాలి అన్నారు.

ఇంటికొచ్చి ఐసు అనగానే అప్ప ముఖం వెలిగిపోయింది. చేపల రేవు నుంచి ఐసు తెప్పించి, ఊరికి చేపలు పంపడంలో ఆవిడంత నేర్పరి మా క్వార్టర్లలో లేదు. వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు ముక్కలు నలగ్గొట్టి పోసి, పైన రెండు గుప్పిళ్లు కళ్లుప్పు చల్లింది. ఎందుకప్పా అంటే, ఉప్పేస్తే చలవ ఎక్కువ, పార్వతీపురం దాకా ఎల్లినా సేప బిగుసుకునే ఉంటాది అంది. నాకు చాలా ముచ్చటేసింది. ఆ ఫ్లాస్కుతో మళ్లీ ఆసుపత్రికి వెళ్లి, మందు సీసాను అందులో నడుం లోతు పాతిపెట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాను.

సాయంత్రం కాంపౌండరు వచ్చాడు. సీసా తీసి చెవి దగ్గర ఆడించాడు. చప్పుడు లేదు. వెలుతురుకు ఎత్తి చూశాడు. ఉప్పు కలిసిన ఐసుకు లోపలి మందు రాయిలా గడ్డకట్టింది. ఇది మందు కాదమ్మా, పుల్లైసు అన్నాడు. చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదట, ఒకసారి గడ్డకడితే కరిగించి వేసినా వేయనట్టేనట. డాక్టరు గారి చేత నేను తిట్లు తినాలి అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నేను అప్పను తిడదామని తిరిగాను. ఆవిడ ఫ్లాస్కు ముందు కూలబడి ఉంది. సేపలకి ఇలగే సేత్తాం గదా సెల్లీ అని ఒకటే మాట. ఆ ముఖం చూశాక తిట్టడానికి నోరు రాలేదు. నా నోరు రాకపోవడం నాకే కొత్త.

ఇక అయిదు రోజులే ఉన్నాయి. మా ఆయన నెమ్మదిగా ఒక ఉపాయం చెప్పాడు. పెందుర్తి వైపు తెలిసినవాళ్ల తోట ఉంది, లారీలో తీసుకెళ్లి అక్కడ వదిలేద్దాం, ప్రాణమైనా దక్కుతుంది అన్నాడు. మంచి మాటే. కానీ నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్ను తెచ్చి ఇక్కడ వదిలేసినట్టా? నాకు అది తోడుంది. దానికి అక్కడ ఎవరుంటారు?" అన్నాను.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను మళ్లీ డాక్టరు దగ్గరికి బయల్దేరాను.

ఆయన ముందు మందు పాడుచేసినందుకు చీవాట్లు పెట్టారు. తలవంచుకుని అన్నీ తిన్నాను. ఒక్క కుక్క కోసం పెట్టె మోసుకుని నేను మీ ఇంటికి రాలేనమ్మా అన్నారు. పోనీ ఎన్ని కుక్కలుంటే వస్తారు అన్నాను. కోపంగానే అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. పది కుక్కలు, పది ఇళ్లు, ఇంటికొక యజమాని సంతకం ఉంటే దాన్ని కాంపు అనొచ్చు, కాంపుకైతే నేనే వస్తాను అన్నారు. ఎల్లుండి అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

మా సందులో కుక్కలకు కొదవ లేదు, యజమానులకే కొదవ. ఒక్కో కుక్క నాలుగిళ్ల తిండి తింటుంది, ఏ ఇంటిదీ కాదు. వాటికి ఇళ్లు చూడటం పెళ్లిసంబంధాలు చూడటం కన్నా కష్టమైంది. నల్లదాని కోసం రెండు ఇళ్లవాళ్లు పోట్లాడుకున్నారు. కుంటిదాన్ని ఎవరూ ఒప్పుకోలేదు. ఆడకుక్క మాకొద్దు, పిల్లలు పెడుతుంది అని ఒకావిడ అంటే, మీకు నలుగురు లేరా అని అప్ప అడిగేసింది. చివరికి కుంటిదాన్ని అప్పే రాయించుకుంది. యజమాని సంతకం అంటే మగవాళ్లు వెనక్కి తగ్గారు, ఆడవాళ్లం పెట్టేశాం. రెండు రోజులు కాళ్లరిగేలా తిరిగితే తొమ్మిదిళ్లు తేలాయి. పదోది దొరకలేదు. చివరి క్వార్టరు గుమ్మం నేను తొక్కలేదు.

మూడో రోజు పొద్దున్నే డాక్టరు స్కూటరు మీద, వెనక కాంపౌండరు ఐసు పెట్టెతో దిగారు. పెట్టెలో ఉప్పు లేదు కదా అని అప్ప అడిగితే కాంపౌండరు ఉరిమి చూశాడు. మెట్ల కింద నీడలో బల్ల వేశాం. ఆడవాళ్లం ఒక్కో కుక్కనూ ఒళ్లోకి లాక్కుని, కొంగుతో కళ్లు మూసి పట్టుకున్నాం. ముందు పెరుగన్నం ముద్ద నోటికి, వెనక సూది. ఆసుపత్రిలో అయితే ఆకాశం బద్దలయ్యేలా అరిచే కుక్కలు తమ సందులో, తమకు తిండిపెట్టే చేతుల్లో కిక్కురుమనలేదు. డాక్టరు గారు దాన్ని గమనించారు. ప్రతిసారీ నేను దగ్గరే ఉన్నాను. మెడ వెనక చర్మాన్ని పైకి లాగడం, ఆ మడత మొదట్లో సూదిని వాలుగా దింపడం, మెల్లగా నొక్కడం. ఎనిమిది సార్లు చూశాను.

తొమ్మిదోది ఎర్రది. స్పిరిట్ వాసన తగలగానే అది రోడ్డు కింద తూములోకి దూరిపోయింది. పదోది అసలు లేనే లేదు. డాక్టరు కాగితం చూసుకుని, ఎనిమిదితో కాంపు అవదమ్మా, ఈ సంతకాలకు విలువ ఉండదు అన్నారు. ఎనిమిది కుక్కలూ మెడలు గోక్కుంటూ కూర్చున్నాయి.

అప్పుడు సందు చివరి నుంచి చార్జిమన్ గారి భార్య వచ్చింది. చంకలో మచ్చల కుక్క. ఏడాదిగా ఆవిడ పెరటి తలుపు దగ్గర దానికి అన్నం పెడుతోందట. మాకెవరికీ తెలియదు, ఆవిడ భర్తకు అంతకన్నా తెలియదు. కుక్కను బల్ల మీద పెట్టి, మా క్వార్టరు నంబరు రాయండి అని సంతకం పెట్టింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఇక మిగిలింది నా కుక్క. కాంపౌండరు తూము దగ్గర వంగితే లోపలి నుంచి గుర్రుమని పళ్లు కనిపించాయి. ఆయన వెనక్కి గెంతాడు. అప్పుడు డాక్టరు గారు, ఇన్నాళ్లూ ఆసుపత్రే పద్ధతి అన్న మనిషి, మందు ఎక్కించిన సూది నా చేతిలో పెట్టారు.

"నేను చూస్తేనే సంతకం పెడతాను. మీరు పొడవండి, నేను చూస్తుంటాను" అన్నారు.

కొంగు బిగించి పాకుతూ లోపలికి వెళ్లాను. నా మోచేతులు గీరుకుపోయాయి. ఎర్రది మూలకు ముడుచుకుని ఉంది. ఒసే, నేనేనే అన్నాను. గుర్రు ఆగింది. నా వెనక తూము మూతి దగ్గర డాక్టరు గారు తెల్లప్యాంటుతో ఎర్రదుమ్ములో బోర్లా పడుకుని బ్యాటరీ లైటు వేసి పట్టుకున్నారు. ఎడమచేత్తో దాని మెడ మీద చర్మాన్ని లాగాను. పాత చీరలతో బొంతలు కుట్టేటప్పుడు పొర ఎత్తి పట్టుకునే పట్టే అది, చిన్నప్పటి నుంచీ నాకు అలవాటైనదే. సూది దింపాను. నొక్కాను. ఎర్రది ఒక్కసారి నా ముఖంలోకి చూసి, నా గీరుకుపోయిన మోచేతిని నాకింది.

"అయిపోయింది, బయటికి రండి" అన్న డాక్టరు గొంతు వినబడేదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియదు. బయటికి పాకి వచ్చేసరికి సందు సందంతా బిందెలు మోగిస్తోంది. గేదెల్ని తోలే పిల్లలు కూడా అంత గోల చేయరు. పదో తరగతి తప్పిన మనిషిని నేను, ఆ రోజు డాక్టరమ్మనయ్యాను. విరుగుడు అవసరం పడుతుందేమో అని ఆయన మరో అరగంట కూర్చుని, అప్ప పెట్టిన చేపల పులుసుతో అన్నం తిని, మా పది సంతకాల కాగితం మీద తానూ సంతకం చేసి, పది ఇత్తడి బిళ్ళలు ఇచ్చి వెళ్లారు.

అన్న రోజుకే బండి వచ్చింది. మగవాళ్లు చాలామంది డ్యూటీలో ఉన్నారు. బండివాళ్లు ముందు ఎర్రదాని మెడకే ఉచ్చు వేశారు. బిళ్ళ ఉంది, కాగితం ఉంది అని నేను అడ్డం పడితే, ఊరకుక్కలకు యజమానులేంటమ్మా, ఇవన్నీ దొంగ సంతకాలు, పైగా ఈ సందు నుంచే మాకు అర్జీ వచ్చింది అన్నారు. అర్జీ ఎవరు పెట్టారో ఆయనే ఎదురుగా నడిచి వస్తున్నారు. ఇంతా చేసి ఇక్కడ ఓడిపోతున్నానా అనుకున్నాను.

చార్జిమన్ గారు నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు. పై నుంచి కింది దాకా ఒక్కొక్క నంబరూ చదివారు. చివరి నంబరు దగ్గర ఆగి, భార్య సంతకాన్ని చాలాసేపు చూశారు. తర్వాత బండివాళ్ల వైపు తిరిగారు.

"అర్జీ పెట్టింది నేనే. ఈ పదో నంబరు క్వార్టరు నాది, ఆ కుక్కా నాదే. పదీ లెక్క ప్రకారం ఉన్నాయి. ఉచ్చు తీయండి."

ఉచ్చు తీశారు. బండి వెనక్కి తిప్పుకోవడానికి సందు చాలక, వచ్చిన దారినే రివర్సులో పోయింది. "ఖాళీగానే ఎల్లిపోనాది" అంది అప్ప, సినిమాలో విలన్ పోయినంత సంతోషంగా. నేను చార్జిమన్ గారికి దండం పెట్టబోయాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"మా తమ్ముణ్ణి చిన్నప్పుడు పిచ్చికుక్క కరిచిందమ్మా. అప్పుడు మా ఊళ్లో సూది లేదు" అన్నారు.

ఆయన గుమ్మంలో నేను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడిగాను. ఆయన వినలేదో, విన్నారో, ఎర్రదాని పక్క నుంచే నడిచి ఇంటికి వెళ్లిపోయారు. రోడ్డు దాటలేదు.

మరుసటి ఏడు కాంపుకు పక్క సందులవాళ్లు కూడా వచ్చారు, పదిహేడు కుక్కలు. డాక్టరు గారు ఈసారి పాత ప్యాంటు వేసుకొచ్చారు. ఎర్రదానికి మళ్లీ నేనే పొడిచాను, తూములో కాదు, ఎండలో, అందరి ముందూ. నేను ఇల్లిల్లూ తిరగాల్సిన పని పడలేదు. డ్యూటీ దిగి అటు నుంచి అటే ఆ పని చేసింది చార్జిమన్ గారు. కాగితం నా చేతికిచ్చేసరికి యజమాని అన్న చోట మొదటి సంతకం ఆయనదే ఉంది.